మూడు ముక్కల హాజరు

నూకరత్నం పిన్ని జ్ఞాపకార్థ కూటం గురువారం మధ్యాహ్నం మూడింటికి అని కబురు వస్తే, పొద్దున్నే విశాఖపట్నంలో బస్సెక్కి పదకొండు కాకముందే నర్సీపట్నంలో దిగాను. ఆమె మాకు రక్తసంబంధం కాదు. మా చర్చికి వచ్చే ఆడవాళ్లలో అమ్మ ఈడు వాళ్లందరూ నాకు పిన్నులే. అయినా ఆమె పోయిందని ఫోనులో విన్నప్పుడు కాలేజీ స్టాఫ్‌రూంలో అందరి ముందూ ఏడ్చేశాను. ఎవరు పోయారని పక్క సీటు మేడం అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. విస్తర్లు కుట్టుకు బతికిన ఆవిడ అంటే ఇంత ఏడుపెందుకో అర్థం కాదు. నేను తప్పు చేసిన మనిషి అంటే ఇంకా అర్థం కాదు. ఊరికే మా పిన్ని అన్నాను.

బస్టాండులో ప్రశాంతి స్కూటీతో నిలబడి ఉంది. ఇప్పుడు స్త్రీల సహవాసానికి సెక్రటరీ ఆ అమ్మాయే. ఫ్యాన్సీ షాపు నడుపుకుంటూ, ఇద్దరు పిల్లల్ని సాకుతూ, ఈ గురువారాల కూటాన్ని కూడా నెత్తిన వేసుకుంది. వాళ్లింట్లో నాకు టిఫిను పెట్టి, లోపలికి వెళ్లి ఒక పొడుగాటి పుస్తకం తెచ్చి ఒళ్లో పెట్టింది. “చర్చి బీరువాకి రంగేయిద్దామని సామాన్లన్నీ దించాం అక్కా. అడుగున ఇది దొరికింది. మీ మామ్మగారి రాతట కదా” అంది. గోధుమరంగు అట్ట, దాని మీద మామ్మ గుండ్రటి అక్షరాల్లో స్త్రీల సహవాసం, హాజరు పుస్తకం అని ఉంది. తెరవకుండా కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. ప్రశాంతి ఎదురుగా కుర్చీ లాక్కుని, “ఓ మాట అడగనా అక్కా. కూటానికి జనం రావట్లేదు. తొమ్మిదిమంది వస్తే గొప్ప. గ్రూపులో మెసేజి పెడితే అందరూ దండాలు పెడతారు, వచ్చేది మాత్రం ఆ తొమ్మిదిమందే. లక్కీ డిప్ పెడదావా అనుకుంటన్నాం. మీరు పిల్లలకి పాఠాలు చెప్పేవారు కదా, జనాన్ని ఎలా రప్పించాలో ఓ నాలుగు పాయింట్లు రాసివ్వండి” అంది. నాకు నవ్వొచ్చింది. ఆ నాలుగు పాయింట్లు ముప్పయ్యేళ్ల కిందట నేను రాసే ఉన్నాను. ఆ పుస్తకం చివరి పేజీలోనే రాశాను. వాటితోనే ఆ కూటం మూతపడబోయింది.

మామ్మ మా నాన్నకి అమ్మ. ఊళ్లో అందరికీ కుట్టు టీచరమ్మ గారు. మిషన్ బడిలో ఆడపిల్లలకి కుట్టు నేర్పి రిటైరయ్యాక కూడా ఇంట్లో మిషను ఆగేది కాదు, ఒక్క గురువారం తప్ప. గురువారం మిషను మీద తువ్వాలు కప్పేసేది. తెల్లవారుతూనే తలంటుకుని, నీలిమందు పెట్టి గంజి వేసిన తెల్లచీర కట్టుకునేది. ఆ చీర ఆమె నడుస్తుంటే కాగితంలా చప్పుడు చేసేది. ఆ రోజు మా ఇంట్లో ఎండుచేప పొయ్యి ఎక్కడానికి వీల్లేదు. డిపోలో మెకానిక్ పని చేసి ఆకలితో వచ్చే మా నాన్నకి ఎండుచేప లేకపోతే ముద్ద దిగదు. “ప్రార్థనకీ చేపకీ ఏటమ్మా గొడవ, ఆయన శిష్యులంతా చేపలు పట్టినోళ్లే కదా” అని గొణిగేవాడు. “కళ్లు మూసుకుంటే ముక్కు తెరుచుకుంటుందిరా. అందరి మనసూ గిన్నె మీదకే పోతుంది” అనేది మామ్మ. పన్నెండింటికల్లా అందరం తినేసి, గది కడిగి, చాపలు పరిచేవాళ్లం. తడి గచ్చు వాసన, చాపల వాసన, మూలనున్న మిషను నూనె వాసన కలిసి ఒక వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా టైలరు షాపు ముందు నీళ్లు చల్లితే నాకు గురువారం అనిపిస్తుంది.

మూడయ్యేసరికి ఒక్కొక్కరే వచ్చేవారు. ప్రతివాళ్ల కొంగులోనో చేతిసంచిలోనో పిడికెడు బియ్యం మూట ఉండేది. పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేయడం మా ఇళ్లల్లో ఆచారం. వారానికి పోగైనవి తెచ్చి గుమ్మం పక్కనున్న పెద్ద డబ్బాలో పోసి లోపలికి వచ్చేవారు. ఆ బియ్యం ఆ వారం ఎవరింట్లో ఇబ్బందిగా ఉంటే వాళ్లింటికి వెళ్లేవి. ఎవరింటికి వెళ్లాయో మామ్మకి తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు. ఆ తర్వాత పాట, ప్రార్థన, హాజరు. హాజరంటే బడిలో లాగా చేతులెత్తడం కాదు. పేరు పిలవగానే లేచి నిలబడి బైబిల్లోంచి ఒక వాక్యం చెప్పాలి. అదే మా హాజరు. చదువుకున్నవాళ్లు పెద్ద పెద్దవి చెప్పేవారు, మధ్యలో మర్చిపోయి పక్కవాళ్లని మోచేత్తో పొడిచేవారు. మామ్మ తొందరపడేది కాదు. ఎవరి పేరు పిలిచినా వెనకాల గారూ అని తగిలించి, కళ్లద్దాల మీంచి చూస్తూ కూర్చునేది. చెప్పగానే పేరెదురుగా హా అని రాసేది. రానివాళ్లకి గై. హాజరుకి హా, గైరుహాజరుకి గై.

నూకరత్నం పిన్ని ఎప్పుడూ గుమ్మం పక్కనే కూర్చునేది. చామనఛాయ, చిన్న మనిషి, వేళ్ల చివర్లు ఆకుపసరుతో నల్లబడి ఉండేవి. కోటవురట్ల వైపు పల్లెలో పుట్టి, పెళ్లయి ఈ ఊరొచ్చి, మొగుడు వదిలేసిపోతే అడ్డాకుల విస్తర్లు కుట్టి కూతుర్ని పెంచుకుంటోంది. అక్షరం రాదు. మామ్మ “నూకరత్నం గారూ” అనగానే లేచి, తలనిండా కొంగు కప్పుకుని, గోడవైపు చూస్తూ ఒకే ఒక్క వాక్యం చెప్పేది. ప్రభువు కంటతడి పెట్టాడని చెప్పే మూడు ముక్కలు. గ్రంథం మొత్తంలో అంత పొట్టి వాక్యం ఇంకోటి లేదని సండే స్కూల్లో చేరిన మొదటి వారమే పిల్లలందరికీ తెలిసిపోతుంది. పాఠం రానివాళ్లు తప్పించుకోడానికి చెప్పేది అదే. పిన్ని ఏళ్ల తరబడి అదే చెప్పింది. కూర్చుంటూ పక్కవాళ్లతో, “నర్సీపట్నం మొత్తమ్మీద నన్ను గారూ అనీది ఈ అమ్మగారొక్కర్తే” అనేది. ఆ మాట కూడా ప్రతివారం చెప్పేది.

నేను ఇంటర్లోకి వచ్చేసరికి గది సగం ఖాళీ అయిపోయింది. వీధిలోకి కేబుల్ వైరు వచ్చింది, మధ్యాహ్నం సీరియళ్లు వచ్చాయి. మూడింటికి మొదలయ్యే కూటం మూడున్నరకి, మూడున్నరది నాలుక్కి జరిగింది, అయినా జనం రాలేదు. వచ్చినవాళ్లు కూడా ప్రార్థన మధ్యలో గోడ గడియారం కేసి చూసేవారు. ఒకసారి మా సరోజినీ ఆంటీ కళ్లు మూసుకుని ఒక అమ్మాయి కష్టాల గురించి ఎంతో ఆర్తిగా ప్రార్థన చేసింది. ఆ పిల్లని అత్తగారు పెట్టే బాధలన్నీ చెప్పుకుని ఏడ్చింది. ఆ అమ్మాయి ఎవరా అని తర్వాత కనుక్కుంటే సీరియల్లో కోడలు. మామ్మ మాత్రం నవ్వలేదు. “ఏడుపు నిజమే కదా. ఆవిడకెవరున్నారో ఆ సీరియల్లో” అంది. ఆ ఏడాదే మామ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది. నల్లకళ్లద్దాలు పెట్టి, చదవకూడదు, వంగకూడదు, బయట తిరక్కూడదన్నారు. కూటం సరోజినీ ఆంటీ వాళ్లింటికి మారింది. దస్తూరీ బాగుంటుందని హాజరు పుస్తకం నా చేతికొచ్చింది.

అప్పటి నన్ను ఇప్పుడు చూస్తే చెవి మెలేసేదాన్ని. ఆ క్రిస్మస్ సెలవుల్లో విశాఖపట్నంలో యువజన సదస్సుకి వెళ్లొచ్చాను. అక్కడ ప్రతిదానికీ పాయింట్లు, చార్టులు, చుక్కల స్టిక్కర్లు. తగుదునమ్మా అని తిరిగొచ్చి, కూటానికి జనాన్ని రప్పించే మార్గాలు పుస్తకం చివర రాసేశాను. వాక్యానికో చుక్క, ఎక్కువ చుక్కలొచ్చినవాళ్లకి బహుమతి, ఆలస్యంగా వచ్చినవాళ్లకి చుక్క లేదు, చెప్పిన వాక్యం మళ్లీ చెప్పకూడదు, ప్రతివారం కొత్తది చెప్తేనే హాజరు. పెద్దవాళ్లు సరేనన్నారు. కొత్తొక వింత కదా, మొదటి రెండు వారాలు గది నిండింది కూడా. బహుమతులకని మా నాన్నని ఏటికొప్పాక నుంచి లక్కబొమ్మలు తెమ్మంటే, రంగు బాగుందని ఆయన డజను కుంకుమ భరిణెలు తెచ్చాడు. బొట్టు పెట్టుకోని ఆడవాళ్లకి కుంకుమ భరిణెలు. సరోజినీ ఆంటీ ముక్కున వేలేసుకుంది. మంచం మీంచే మామ్మ ఒకటి తడిమి చూసి, “ఎంత నున్నగా ఉందో. బొత్తాలు వేసుకోవచ్చు” అంది. గెలిచినవాళ్లు బొత్తాలే వేసుకున్నారు.

మూడో గురువారం అందరి పేర్లూ పిలుచుకుంటూ వచ్చాను. నూకరత్నం పిన్ని లేచింది, కొంగు కప్పుకుంది, గోడవైపు చూస్తూ ఆ మూడు ముక్కలూ చెప్పింది. మొదటి రెండు వారాలూ పోనీలే అని ఊరుకున్నాను. ఆ రోజు ఊరుకోలేదు. “అది కాదు పిన్నీ, కొత్తది చెప్పాలి. పోయినవారం కూడా అదే చెప్పావు” అన్నాను. ఆమె నావైపు చూసింది. “నాకదే వచ్చు పాపా” అంది. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో “అది కూడా రాకపోతే ఇంకేటొస్తాది” అన్నారు. నేనూ నవ్వాను. ఎవరైనా చూస్తారని నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని మరీ నవ్వాను. తర్వాత పుస్తకం దించి, రూలు రూలే అనుకుని, ఆమె పేరెదురుగా గై అని రాశాను. ఎదురుగా రెండు గజాల దూరంలో నిలబడి ఉన్న మనిషికి గైరుహాజరు వేశాను. ఆమె కాసేపు నిలబడి, కూర్చుని, చివరి పాట అయ్యేదాకా ఉండి వెళ్లిపోయింది.

మరుసటి గురువారం ఆమె రాలేదు. ఆ పై వారం ఆమె వీధిలోంచి వచ్చే ఇంకో నలుగురు రాలేదు. వాళ్లలో ఎవరికీ చదువు రాదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు, లేదా తట్టినా తట్టనట్టున్నాను. మూడో వారానికి నేనూ, సరోజినీ ఆంటీ, ఇంకో ముగ్గురం మిగిలాం. చుక్కల చార్టు గోడమీద రెపరెపలాడుతోంది. చర్చి పాస్టరు అయ్యగారు వచ్చి, ఇంతమందితో విడిగా కూటమెందుకు, ఆదివారం ఆరాధన అయ్యాక ఒక పావుగంట కూర్చుంటే సరిపోతుందన్నారు. ఈ నెలాఖరుతో గురువారాలు ఆపేద్దామన్నారు. ఆ మాట ఇంటికొచ్చి చెప్తే మామ్మ నల్లకళ్లద్దాల వెనక ఏ కళ్లతో చూసిందో నాకు తెలియదు. ఆమె పెళ్లై వచ్చిననాటి నుంచి ఉన్న కూటం అది. చివరికి, “రత్నం ఎందుకు రావట్లేదే?” అంది. “అందరిలాగే మామ్మా. సీరియల్” అన్నాను. అంత తేలిగ్గా అబద్ధం నోటికొచ్చింది.

మర్నాడు మామ్మ తెల్లచీర కట్టుకుని తయారైపోయింది. డాక్టరు తిరగొద్దన్నాడని అమ్మ మొత్తుకుంది. “తిరగను, రిక్షాలో కూర్చుంటాను. హెప్సీ, పద” అంది. కృష్ణదేవిపేట రోడ్డు వైపు, రైసుమిల్లు వెనక వీధిలో పిన్నిది తాటాకు ఇల్లు. వాకిట్లో పందిరి కింద అడ్డాకుల మోపులు, వాటి మీద తడిగోనెలు. పచ్చి ఆకు వాసన గొంతులోకి దిగింది. పిన్ని మమ్మల్ని చూసి గబుక్కున లేచింది. “అమ్మగారూ, కళ్లకి ఇంకా తగ్గకుండానే ఎండలో ఎందుకొచ్చేరు? కబురెడితే నానే ఒద్దును కదా” అంది.

“కబురు పెడితే వచ్చేదానివి గురువారాలు ఎందుకు రావట్లేదమ్మా?”

“పెళ్లిళ్ల రోజులు కదమ్మగారూ. పనెక్కువైపోనాది.”

మామ్మ ఇంకేమీ అడగలేదు. చాప మీద కూర్చుని చెయ్యి చాపి, “అయితే నాకూ నాలుగు ఆకులియ్యి” అంది. వద్దు వద్దంటూనే పిన్ని ఇచ్చింది. మామ్మ గొప్ప కుట్టు టీచరే, ఊళ్లో సగంమంది పెళ్లి జాకెట్లు ఆమె చేతివే, కానీ ఆకు ఎప్పుడూ కుట్టి ఎరగదు. పైగా చూపు ఆనదు. ఈనెపుల్ల ఒకచోట గుచ్చితే ఇంకోచోట తేలుతోంది. ఆకు చిరిగిపోతోంది. అయినా వదలకుండా తంటాలుపడి ఒకటి కుట్టి ఎత్తి చూపించింది. దాంట్లోంచి అవతల మేక కనిపిస్తోంది. పిన్ని నవ్వాపుకోలేక, “అమ్మగారూ, ఇది ఇస్తరా, జల్లెడా?” అంది.

“నాకొచ్చింది ఇంతే రత్నం. బాగోలేదని రేపట్నించి నన్ను రావద్దంటావా?” అంది మామ్మ, రెండో విస్తరికి ఆకులు సర్దుకుంటూ.

పిన్ని నవ్వు ఆగిపోయింది. తలొంచుకుని చాలాసేపు ఆకు మీద ఆకు పేర్చింది. తర్వాత కుడుతూనే చెప్పింది. “మా బుల్లోడు జొరమొచ్చి పోయినప్పుడు మీరొచ్చి కూకున్నారు, గుర్తుందా అమ్మగారూ. అందరూ ఏడవకూడదమ్మా, ఆడు పరలోకంలో ఉన్నాడు, ఏడిస్తే ఇస్వాసం లేనట్టే అన్నారు. నాను గుడ్డలు నోట్లో కుక్కుకున్నాను. మీరొక్కరే, ఏడువమ్మా, ఆయనా ఏడిసేడు, రాసుంది అని నా సెవిలో ఆ ముక్క సెప్పేరు. మూడ్రోజులు కూకుని సెప్పించేరు. అదొట్టుకునే లెగిసేను. కొత్తది నేర్సుకోలేక కాదమ్మగారూ. కొత్తది బుర్రలో ఎడితే ఇది ఎక్కడ జారిపోద్దో అని బెంగ. ఆడి పోటో కూడా నేదు నాకాడ.”

నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. నాకు తల కొట్టేసినట్టయింది. పిన్నీ తప్పయిపోయింది అని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. మామ్మ నావైపు తిరగలేదు కూడా. చేతిలో ఆకు పక్కనపెట్టి, తడుముకుంటూ పిన్ని చెయ్యి పట్టుకుని, “వచ్చే గురువారం కూటం ఇక్కడే పెడదాం” అంది.

“ఇక్కడా? కూకోడానికి సోటేదీ అమ్మగారూ? కుర్సీ కూడా నేదు.”

“మోపులు అటు జరిపితే బోలెడు చోటు. కుట్టుకుంటూనే ప్రార్థన చేసుకుందాం. నీ పని చెడిపోకూడదు కదా.”

తిరిగొచ్చేటప్పుడు మామ్మ, రిక్షా మా వీధి మలుపు తిరిగాక, “సీరియల్ అన్నావు. ఆ ఇంట్లో కరెంటు లేదు కదే” అంది. అంతే. ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ ఆ సంగతి ఎత్తలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఎప్పుడో మర్చిపోయేదాన్ని.

అప్పటిదాకా మా కూటాలు కుర్చీలున్న ఇళ్లల్లోనే జరిగేవని, తాటాకు ఇంట్లో ఒక్కసారీ జరగలేదని ఆ గురువారం నాకు తెలిసింది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ అడగలేదు, అలా జరిగిపోయింది. రైసుమిల్లు వెనక వీధి ఆడవాళ్లంతా వచ్చి పందిరి కింద కూర్చుని ఆకులు ముందేసుకున్నారు. సరోజినీ ఆంటీ మొదట చీర నలుగుతుందని నిలబడింది, పాట అయ్యేలోపు ఆమే ఒక విస్తరి కుట్టింది. మామ్మ చూపు ఆనకపోయినా పుస్తకం అవసరం లేకుండా పేర్లు పిలిచింది, ఆ పేర్లన్నీ ఆమెకి కంఠతా. “నూకరత్నం గారూ” అనగానే పిన్ని తన ఇంట్లో తను లేచి, ఆకుపసరు చేతుల్తోనే కొంగు కప్పుకుని, ఆ మూడు ముక్కలూ చెప్పింది. ఎవరూ నవ్వలేదు. మామ్మ ఆగి, “హాజరు. రాయవే” అంది. రాశాను. చుక్కల చార్టు నేనే చించి పొయ్యిలో పెట్టాను. అయ్యగారు గురువారాలు ఆపుదామన్న మాట మళ్లీ ఎత్తలేదు.

అద్భుతాలేమీ జరిగిపోలేదు. సీరియళ్లు ఆగలేదు. కొందరు మళ్లీ ఎన్నడూ రాలేదు. కానీ కూటం ఆ వీధిలో ఇంటింటికీ తిరిగింది. ఒకరింట్లో చింతపండు పిక్కలు తీస్తూ, ఒకరింట్లో జీడిపిక్కలు ఒలుస్తూ జరిగింది. ఆ రోజుల్లో చేసిన ప్రార్థనలు చాలావరకు మర్చిపోయాను. వేళ్లకి అంటుకున్న వాసనలు మాత్రం గుర్తున్నాయి.

తర్వాత పదేళ్లకి, మామ్మ పోయి, నాకు ఉద్యోగం వచ్చి, విశాఖపట్నంలో కాపురం పెట్టాక ఒకసారి పిన్నిని చూడ్డానికి వచ్చాను. అప్పటికి కాగితం ప్లేట్లు వచ్చి విస్తర్ల పని పోయింది. బడిలో మధ్యాహ్నం భోజనాలు వండుతోంది. కందిపప్పు ఏరుతూ కూర్చుంటే పక్కన కూర్చుని ఎట్టకేలకు చెప్పేశాను. “పిన్నీ, ఆ రోజు నువ్వు ఎదురుగా ఉండగానే నీకు గైరుహాజరు వేశాను. నన్ను క్షమించు” అన్నాను.

“నువ్వేటి రాసేవో నాకేటి తెల్సు పాపా, నాకు సదువొస్తే కదా” అంది. ఒక రాయి ఏరి పారేసి, “నవ్వేవు. అదే తెల్సు” అంది.

కళ్లనీళ్లు తిరిగాయి. పుస్తకం అడ్డం పెట్టుకున్నాను కదా అనుకున్నాను, ఆమె చూడనేలేదని ఇన్నేళ్లూ నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. “మరి మళ్లీ ఎందుకు వచ్చావు పిన్నీ?”

“మీ మామ్మ ఇస్తరి కుట్టడం సూసేను కదా” అని నవ్వింది. “అంత పెద్ద టీచరమ్మ, అంత సెండాలంగా కుట్టి, సిగ్గునేకుండా పైకెత్తి సూపించింది. ఆవిడే సూపించగా లేంది నానొచ్చి నాకొచ్చిన ముక్క సెప్పనేనా అనుకున్నాను. ఊరుకో పాపా. ఏడవకు.” అని, తనే మళ్లీ, “పోనీ ఏడువు” అంది.

ఇవాళ ప్రశాంతి వాళ్లింట్లో ఆ పుస్తకం తెరిచి ఆ గై వెతికి చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. అంత పొందిగ్గా రాసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. వైట్నరుతో దిద్దుదామనిపించింది గానీ దిద్దలేదు. రెండున్నరకి ప్రశాంతి స్కూటీ తీస్తూ, “పాయింట్లు రాసేరా అక్కా?” అంది. అప్పటితో పోల్చి ఇప్పటివాళ్లకి భక్తి తగ్గిందని పెద్దవాళ్లు అంటుంటారు, నాకు ఆ మాట రుచించదు. ఇప్పుడు సగంమంది ఆడపిల్లలు తెల్లవారకుండా కంపెనీ బస్సెక్కి పోతున్నారు, వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. మూడింటికి రమ్మంటే ఎక్కణ్ణించి వస్తారు? అప్పుడూ ఇప్పుడూ ఎవరు ఎందుకు రాలేదో ఇంటికెళ్లి చూడకుండా మనమే చెప్పేస్తాం. ఇదంతా ఆ పిల్లకి చెప్పలేక, “రాని వాళ్లలో ఒకరింటికి రేపు నన్ను తీసుకెళ్తావా? ఉండి వెళ్తాను” అన్నాను. “ఎవరింటికి అక్కా?” అంది. “నీకు తెలియాలి కదమ్మా” అన్నాను. ఆలోచనలో పడింది.

పిన్ని కూతురిది ఇప్పుడు అదే స్థలంలో శ్లాబు ఇల్లు. ప్లాస్టిక్ కుర్చీలు, చిన్న మైకు, బల్ల మీద పిన్ని ఫోటో, దానికి తెల్లపూల దండ. కొడుకు ఫోటో లేదని బెంగపడిన మనిషికి ఎంత పెద్ద ఫోటో కట్టించారో. పోయిన మనిషి కోసం పెట్టిన కూటం కాబట్టి గది నిండింది, గుమ్మం బయట కూడా నిలబడ్డారు. పాట అయ్యాక ప్రశాంతి ఫోను తెరిచి హాజరు పిలవడం మొదలుపెట్టింది. పేర్లు ఒకటొకటే వచ్చాయి, ఒకటొకటే వాక్యాలు లేచాయి. పేర్లన్నీ ఫోనులోనే ఉన్నాయి కనుక ఆ అమ్మాయి చూపుడువేలు పైకి తోసుకుంటూ, తలెత్తకుండా చదువుకుంటూ పోతోంది. ఆ ఊపులోనే, “నూకరత్నం గారూ” అంది.

గదిలో తలలన్నీ ఫోటో వైపు తిరిగాయి. ప్రశాంతి నాలిక కరుచుకుంది. “సారీ అండి. పేరు తీయడం మర్చిపోయాను” అంటూ నొచ్చుకుంటూ తలెత్తింది. పిన్ని కూతురు కొంగుతో మొహం కప్పుకుంది.

నేను లేచి నిలబడ్డాను. తలనిండా కొంగు కప్పుకున్నాను. గోడవైపు చూస్తూ ఆ మూడు ముక్కలూ చెప్పాను. జారిపోలేదు, ఒక్క ముక్క కూడా జారిపోలేదు. గుమ్మం దగ్గరి ముసలమ్మలు కొందరు నాతోపాటే పలికారు.

ప్రశాంతి వేలు ఫోను మీద ఆగి ఉంది. నావైపు చూసి, మైకు పక్కకి పెట్టి, మెల్లగా అడిగింది. “అక్కా, ఏటి వెయ్యమంటారు?”

“హాజరు వెయ్యమ్మా” అన్నాను.